మైనం తీసిన సీసా

వాద్యాల మరమ్మతు షాపు,
మార్చి 4

క్లెయిముల అధికారి గారికి,

నేను వయొలిన్లూ గిటార్లూ బాగుచేసేవాణ్ణి. ఫిబ్రవరి 19న మీ బుకింగ్ కౌంటర్లో ఒక వయొలిన్ పార్సిల్ చేశాను. అది ఒక సంగీతం టీచరమ్మది. ఇరవై ఒక్క ఏళ్ళుగా వాయిస్తున్నది. మెడ ఊడితే నా దగ్గరికి తెచ్చింది. అతికించి, వారం ఆరబెట్టి, పంపాను.

ప్యాకింగ్ నా చేతులతో నేనే చేశాను. పెట్టె చుట్టూ ఫోమ్, దాని మీద అట్టపెట్టె, సందుల్లో నలిపిన కాగితాలు. మేడ మీంచి పడేసినా ఏమీ కాకూడదు. ఇన్సూరెన్స్ కూడా కట్టాను. ఫారంలో 'వయొలిన్ ఒకటి, కమాను ఒకటి, పెట్టె ఒకటి' అని స్పష్టంగా రాశాను.

అక్కడ టీచరమ్మ పెట్టె తెరిస్తే గుప్పున వాసన. వయొలిన్ మీద వార్నిష్ కరిగి, పెట్టె లోపలి ముఖమల్ గుడ్డకు అంటుకుపోయింది. ఊడదీస్తే సగం రంగు గుడ్డతోపాటు వచ్చేసింది. మీ గోడౌన్లో దేని మీద ఏం ఒలకబోశారో మీకే తెలియాలి.

జూన్ 20న ఆవిడ చివరి కచేరీ. ఆ తర్వాత రిటైరవుతోంది. ఆవిడ ఫోన్లో ఏడ్చి ఉంటే భరించేవాణ్ణి. ఏడవలేదు. "మీ నాన్న ఉంటే ఇలా జరిగేది కాదు" అని పెట్టేసింది. క్లెయిమ్ వస్తే పెద్ద వర్క్‌షాపుకు పంపి బాగుచేయిస్తాను. రాకపోతే నా షాపు గుమ్మం ఇంకెవరూ తొక్కరు. అంచేత వెంటనే చర్య తీసుకోండి. లేదంటే ఎక్కడిదాకా వెళ్ళాలో నాకూ తెలుసు.

ఇట్లు,
షాపు యజమాని


కొరియర్ క్లెయిముల విభాగం, మూడో అంతస్తు,
మార్చి 15

పంపినవారికి,

మీ ఫిర్యాదు అందింది. మా మనిషి వెళ్ళి వయొలిన్‌ను ఫొటోలు తీసి, పెట్టెను తనిఖీకి తెచ్చాడు. అట్టపెట్టెకు బయట దెబ్బ లేదు. తడి లోపల్నుంచి బయటికి వచ్చింది గాని, బయట్నుంచి లోపలికి పోలేదు. పార్సిల్లో మండే స్వభావం గల ద్రవం ఉన్నట్టు తేలింది. అది మా నిషిద్ధ వస్తువుల జాబితాలో పదకొండోది. అలాంటివేవీ లేవని బుకింగ్ రోజు మీరు సంతకం చేశారు. నిషిద్ధ వస్తువు ఉన్న పార్సిల్‌కు ఇన్సూరెన్స్ వర్తించదు. మీ వివరణ ఏమైనా ఉంటే రాతపూర్వకంగా పంపండి.

క్లెయిముల అధికారి

(కాగితం వెనక, పెన్నుతో)

ఒరేయ్, కవరు మీద రాత చూడగానే పోల్చుకున్నాను. చిన్నప్పుడు నీ హోంవర్కు సగం నేనే చేశాను కదా, నీ రాత నాకు తెలియదా? ఎక్కడిదాకా వెళ్తావో వెళ్ళు. ఎక్కడికెళ్ళినా ఫైలు తిరిగి ఈ బల్ల మీదికే వస్తుంది. ఫోన్ మాత్రం చెయ్యకు. క్లెయిమ్ సంగతులు కాగితం మీదే ఉండాలి. పైగా నీ గొంతు వినే ఓపిక నాకు లేదు.


వాద్యాల మరమ్మతు షాపు,
మార్చి 22

అక్కా,

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అధికారి గారూ అని రాయడానికి అసలే రాదు.

మంచి కుర్చీ సంపాదించావు! ఆరేళ్ళుగా ఎదురుచూశావు కాబోలు, తమ్ముడి కాగితం ఎప్పుడొస్తుందా, ఎప్పుడు తిప్పికొడదామా అని. బోర్డు మీద రెండు మాటల కోసం ఇల్లొదిలి పోయినదానివి. నాన్న పోయిన రోజున గుమ్మందాకా వచ్చి, లోపల అడుగు పెట్టకుండా వెనక్కి తిరిగినదానివి. నీ దగ్గర న్యాయం దొరుకుతుందని ఏ పిచ్చివాడనుకుంటాడు?

పోతూ పోతూ రంగుల పుస్తకం కూడా పట్టుకుపోయావు. ఏ రంగులో ఏం ఎంత కలపాలో ఉన్న పుస్తకం. షాపంతా తిరగేశాను, అటకతో సహా. నువ్వు తప్ప ఎవరు తీస్తారు?

ఇక నీ పదకొండో వస్తువు సంగతి. బొటనవేలంత సీసాలు పెట్టెల్లో పెట్టి పంపడం మేం మానేసి ఆరేళ్ళయింది. నువ్వెళ్ళిన రోజునుంచే. కాబట్టి నా పార్సిల్లో అలాంటిది ఉండే ప్రసక్తే లేదు. మీవాళ్ళే వేరే పార్సిల్లోది ఇందులో పడేసి నా మెడకు చుడుతున్నారు. ఇదే నా రాతపూర్వక వివరణ. ఫైల్లో పెట్టుకో.

తమ్ముడు


క్లెయిముల విభాగం, మూడో అంతస్తు,
ఏప్రిల్ 2

ఒరేయ్,

నా ఉత్తరం మళ్ళీ తీసి చదువు. 'ద్రవం' అని రాశాను. సీసా అని ఎక్కడైనా రాశానా? బొటనవేలంత అని రాశానా? పెట్టెలో ఏమీ లేదనేవాడికి దాని కొలత ఎలా తెలిసిందిరా?

ఐదేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. బూటు లోపల అత్తరు దాచి పంపినవాణ్ణి చూశాను. బొమ్మ పొట్టలో ఉబ్బిన బ్యాటరీ పెట్టి కుట్టేసిన తల్లిని చూశాను. ఒకాయన పాదరసం ఉన్న పాత థర్మామీటర్ని 'పుస్తకం' అని రాసి పంపాడు, అది పగిలి పక్కవాళ్ళ పార్సిళ్ళన్నీ పాడయ్యాయి. అందరూ నీలాగే మొదలెడతారు. మీవాళ్ళే ఒలకబోశారు అంటారు. రెండో ఉత్తరానికి ఎవరూ అడగని మాట వాళ్ళంతట వాళ్ళే చెప్పేస్తారు. నువ్వూ ఆ బాపతే. నాకేం ఆశ్చర్యం లేదు.

బోర్డు మీద రెండు మాటలు అన్నావు. పదహారో ఏటినుంచి ముప్ఫై నాలుగో ఏడు దాకా ఆ షాపులో ప్రతి వయొలిన్‌కూ రంగు వేసింది నేను. లక్క నానబెట్టింది నేను, స్పిరిట్లో కలిపింది నేను, వేళ్ళ సందుల్లో చర్మం ఊడింది నాకు. నాన్న మాత్రం వచ్చినవాళ్ళందరితో "మావాడి చేతి రంగు" అనేవాడు. నువ్వు పక్కన నిలబడి నవ్వేవాడివి. ఒక్కసారి, ఒక్కసారైనా "కాదు, అక్కది" అని నీ నోట్లోంచి వచ్చిందా? చివరికి 'తండ్రి - కొడుకు' అని బోర్డు రాయించి, ఆ అక్షరాలకు కూడా నాతోనే రంగు వేయించారు! సిగ్గు లేకపోతే సరి.

రంగుల పుస్తకం అంటావా? అలాంటి పుస్తకం పుట్టనేలేదు. కంటితోనూ ముక్కుతోనూ చేసేదాన్ని. అటక మీద వెతికావంటే నవ్వొచ్చింది. నాలుగు రోజులపాటు నవ్వుకుంటాను.

ఇప్పుడు పని మాట. నిజం రాస్తే క్లెయిమ్ పోతుంది, అంతే. అబద్ధం మీద పట్టుబడితే ఫైలు పై ఆఫీసుకు పోతుంది. నీ షాపు పేరు ఇక ఏ కౌంటర్లోనూ బుక్ చెయ్యరు. తర్వాత ఊరూరా వయొలిన్లు భుజాన మోసుకుని తిరగాలి. పదిహేను రోజులు టైమిస్తున్నాను. తమ్ముడివని కాదు, అందరికీ ఇచ్చేదే.

ఇంకొక్క ప్రశ్న. సీసా ఫొటో నా ముందుంది. మూతి చుట్టూ మైనం ఏది?

అధికారి


షాపు వెనక గది,
ఏప్రిల్ 14

అక్కా,

సరే. నువ్వే గెలిచావు. విను.

టీచరమ్మ వయొలిన్ తెచ్చినప్పుడు పెట్టెలో, కమాను పక్కన ఉండే చిన్న అర తెరిచాను. సీసా ఉంది. తర్వాతెప్పుడైనా గీత పడితే అదే రంగు దొరకాలని నాన్న ప్రతి పెట్టెలోనూ పెట్టించేవాడు చూడు, అదే. మైనం చెక్కుచెదరలేదు. చీటీ మీద నీ రాత. 'తేనె రంగు. పల్చగా మూడు పూతలు. పూతకూ పూతకూ మధ్య తొందరపడొద్దు.' అప్పుడే అర మూసేశాను. నీ రాత చూసి ఒళ్ళు మండింది.

తర్వాత మెడ అతికించాను. అతికిన చోట వెంట్రుకంత తెల్ల గీత పడింది. నేను కలిపిన రంగు వేస్తే ఎర్రగా తేలింది. మళ్ళీ కలిపాను. మట్టి రంగొచ్చింది. పదకొండుసార్లు కలిపాను అక్కా. ఆరేళ్ళుగా ఇంతే. ఎవరైనా రంగు పనికొస్తే "మా షాపులో చెయ్యం" అని పంపేస్తున్నాను. ఆ రోజు ఇక చేతకాక అర తెరిచి, చాకుతో మైనం తీశాను. నాలుగు చుక్కలు. గీత మాయమైపోయింది. నువ్వే పక్కన నిలబడి వేసి వెళ్ళినట్టు ఉంది. అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

పాత బిరడా విరిగిపోయింది. ఇంకో బిరడా చెక్కి పెట్టాను. వదులుగానే ఉందని తెలుసు. మైనం వేద్దామనుకున్నాను, వెయ్యలేదు. మైనం వెయ్యడం కూడా నువ్వే చేసేదానివి. సీసా బయట పెట్టేయొచ్చు, కానీ అది నా సొత్తు కాదు. ఆ వయొలిన్‌ది. తిరిగి అదే అరలో పెట్టేశాను.

కౌంటర్లో అమ్మాయి జాబితా అంతా చదివింది. ద్రవాలున్నాయా? లేవు. మండేవి? లేవు. సీసా అరలో ఉందని తెలిసే సంతకం పెట్టాను. ఇదంతా నిజం. ఫైల్లో పెట్టుకో, ఫ్రేము కట్టించుకో, నీ ఇష్టం.

టీచరమ్మ వయొలిన్ తీసుకుని తనే బస్సులో వచ్చింది. బల్ల మీద పెట్టి, "జూన్ ఇరవైన ఇది వాయిస్తాను, లేకపోతే ఏదీ వాయించను" అంది. పెద్ద వర్క్‌షాపువాళ్ళకు ఫొటోలు పంపాను. మొత్తం గీకేసి కొత్త రంగు వేస్తామన్నారు. అలా చేస్తే ఇది ఆ వయొలిన్ కాదని ఆవిడ ఒప్పుకోలేదు. అంటే ఇప్పుడు నీ క్లెయిమ్ వచ్చినా నాకు పనికి రాదు. ఇక నీ కుర్చీ నన్నేం చెయ్యగలదు?

ఇంకోటుంది. నీకు చెప్పకూడదని రెండేళ్ళుగా కడుపులో పెట్టుకున్నాను. చెప్పేంత ప్రేమ నీ మీద లేదు కనక. నువ్వెళ్ళాక నాన్న రంగు పనులు ఒక్కటీ ఒప్పుకోలేదు. ఎవరొచ్చినా "రంగు వేసే మనిషి వెళ్ళిపోయింది" అనేవాడు. మొదటిసారి విన్నప్పుడు పొరపాటున అన్నాడేమో అనుకున్నాను. పోయేదాకా అదే మాట. నేను పక్కనే ఉండేవాణ్ణి. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆయన నిన్ను పిలవలేదు. ఆయనకు అహం. నేనూ పిలవలేదు. నాకు భయం. నువ్వొస్తే ఇక నేనెందుకు అని.

ఇప్పుడు తృప్తిగా ఉందా?

తమ్ముడు


అద్దెగది, రెండో అంతస్తు,
మే 5

ఒరేయ్,

ఈ ఉత్తరం ఆఫీసు కాగితం మీద కాదు. చూశావు కదా.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. మొదటి వారం కోపంతో రాయలేదు. రెండో వారం, నాన్న అన్న మాట ఉన్న పేజీ మడిచి సొరుగులో పెట్టి, తీసి చదివి, మళ్ళీ పెట్టి, అలాగే గడిచింది. ముసలాయన! ఆ ఒక్క మాట నేనక్కడ ఉన్నప్పుడే అంటే నోటి ముత్యాలు రాలిపోయేవా? ఇన్నేళ్ళకు తెలిసినందుకు ఏడుపొచ్చింది. ఆ మాట నువ్వు రెండేళ్ళు దాచినందుకు నిన్ను కొట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది.

ఇక నా సంగతి. నువ్వు ఒప్పుకున్నావు కాబట్టి నేనూ ఒప్పుకుంటాను, బాకీ ఉంచుకోవడం నాకు గిట్టదు. మా ఆఫీసులో సొంతవాళ్ళ ఫైలు వస్తే ఆ రోజే పక్కవాళ్ళకు ఇచ్చేయాలి. నేనివ్వలేదు. ఫొటో చూడగానే ఆ సీసా నేను మైనం వేసిందేనని తెలుసు, చీటీ నాదేనని తెలుసు, మైనం చాకుతో తీశారని కూడా తెలుసు. అయినా ఫైలు కదలనివ్వలేదు. 'తిరస్కరించడమైనది' అనే ముక్క నా చేత్తో రాయాలని. ఆ సరదా కోసం నిన్ను రెండు నెలలు తిప్పాను. నువ్వు అబద్ధం చెబుతుంటే నాకు ఎంత బాగుండేదో నీకు తెలియదు.

గత వారం మా పెద్దాయన దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "నువ్వేనామ్మా ఇలా చేసింది?" అన్నాడు. మెమో ఇచ్చారు. క్లెయిముల బల్ల మీంచి తీసేసి కింద పార్సిళ్ళు తూకం వేసే చోటికి మార్చారు. ఫైలు ఇంకొకావిడ చూసింది. ఆవిడా తిరస్కరించింది. నా బల్ల మీదికి రాకపోయినా నీ క్లెయిమ్ పోయేదే, అది మాత్రం రాసిపెట్టుకో.

ఇప్పుడు వయొలిన్. చీటీ మీద ఉన్న రంగు మళ్ళీ కావాలంటే సీసాలో పోసి పంపలేను. పదకొండో వస్తువు. ఎలా కలపాలో రాసి పంపుదామంటే, రాయడానికి కూర్చున్నాను, రాలేదు. 'తేనె రంగు వచ్చేదాకా' అని రాస్తే నీకేం తెలుస్తుంది? ఏ తేనె అంటావు. కాబట్టి మనిషే రావాలి.

సెలవు పెట్టాను. మే 28 నుంచి పన్నెండు రోజులు. నీ కోసం కాదు. నా రంగు అలా చీదరగా ఉండగా ఆవిడ సభలో నిలబడకూడదు, అందుకని. నీ ఇంట్లో దిగను. షాపు వెనక గదిలో మంచం వేయించు. కిటికీకి అడ్డంగా ఏమున్నా తీయించు, పూతలు అక్కడే ఆరాలి. వయొలిన్‌ను గుడ్డతో తుడవకు, ఊదకు, దాని దగ్గర తుమ్మకు. స్పిరిట్ అక్కడే కొని ఉంచు. నేను పని చేస్తున్నంతసేపూ మాట్లాడకు. మాట్లాడితే తిరుగు బస్సెక్కుతాను, ఎక్కానంటే ఈసారి గుమ్మందాకా కూడా రాను.

నా బ్రష్షులూ లక్క పలుకులూ ముందుగా పార్సిల్లో పంపుతున్నాను. ఇన్సూరెన్స్ కట్టాను. ఫారంలో అన్నీ రాశాను. 'పాత బ్రష్షులు మూడు, ఎండు లక్క అరకిలో, ద్రవాలు లేవు.' చూసి నేర్చుకో.

అక్క


షాపు వెనక గది,
మే 19

అక్కా,

పార్సిల్ వచ్చింది. ఫారంలో నువ్వు రాసిందంతా చదివి సంతకం పెట్టాను.

మంచం వేయించాను. ఒక కాలు పొట్టి, కింద చెక్క పెట్టాను, బోర్లా పడితే నన్నేం అనకు. కిటికీ దగ్గర పాత గిటార్ల గుట్ట ఉండేది, తీసేశాను. దాని వెనక గోడ మీద నువ్వు రంగులు చూసుకోవడానికి వేసిన గీతలు బయటపడ్డాయి. పసుపునుంచి నలుపుదాకా నలభై రెండు. పక్కన ఒక్క అక్షరం కూడా రాయలేదు. రాసి ఉంటే నీ సొమ్మేం పోయేది? మహాతల్లివి!

నువ్వు తూకం బల్ల దగ్గర నిలబడుతున్నావంటే బాధపడాలా నవ్వాలా తెలియలేదు. కాసేపు నవ్వాను. తర్వాత భోజనం సహించలేదు. ఇందులో నా తప్పెంతో, నీ తప్పెంతో నువ్వే తూచు, ఇప్పుడదే కదా నీ ఉద్యోగం. నీ మీద కోపం పోలేదు. మంచం మాత్రం వేశాను.

నిన్న టీచరమ్మ వచ్చింది. "రంగు ఎవరు వేస్తున్నారు?" అంది. "మా అక్క" అన్నాను. "ఎప్పుడు నేర్చుకుంది?" అంది. మొదటిసారి మీ వయొలిన్‌కు వేసిందీ తనేనండీ, మీరు ఇరవై ఒక్క ఏళ్ళలో విన్న మెప్పులో సగం తనదే, నేను ఒక్క పూత కూడా వెయ్యలేదు అని చెప్పాను. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నాయనా?" అంది. ఆవిడ తిట్టలేదు. కుర్చీలోంచి లేచి, "ఆవిడ వచ్చాక కబురు చెయ్యి, నేనొచ్చి చూడాలి" అని వెళ్ళిపోయింది.

పార్సిల్ ముడుల మీద మైనం వేశావు. అన్ని ముడుల మీదా, దళసరిగా. ఎందుకు వేశావో నాకు తెలుసు.

తియ్యలేదు. బల్ల మీద అలాగే ఉంది. వచ్చి చూసుకో.

తమ్ముడు